మంజీర రూముల హాఫ్‌టైం

మొన్న శుక్రవారం ఆఫీసుల నేను చేసిన ఘనకార్యం మీకు ఎట్లనో ఒకట్ల తెలుస్తది. మా డ్రైవర్ల కడుపుల మాట ఆగదు. వాళ్లు చెప్పకముందే నా నోటితోని వినుండ్రి. ఒక్క ముక్క ముందే చెప్త. పాత తొమ్మిదో నంబరు జెర్సీ తొడుక్కొని, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని, ఇన్నేండ్లు దాచుకున్న మాటలన్ని చెప్పేసిన. మంచిగనే చెప్పిన. కాకపోతె వినాల్సినోళ్లు వినలే, వినక్కర్లేనోళ్లు అందరు విన్నరు.

చాయ్ తాగుకుంట వినుండ్రి, చల్లారుతది.

మీల సగం మంది నాతోని బోరబండల ఆడినోళ్లే. మిగిలినోళ్లకు నేను హైటెక్ సిటీ కంపెనీల ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ యాదగిరినే. ఏ క్యాబ్ తెల్లాపూర్ పోవాలె, ఎవరి బండి పంక్చరయింది, ఏ మేడమ్ గేటు కాడ నిలబడి నన్ను తిట్టుకుంటున్నది, గిదే నా లోకం. కాని అంతకుముందు నేను ఫుట్‌బాల్ ఆడి బతికిన. గోల్ కొట్టుడే నా నౌకరీ. ఇప్పుడు చెప్తె మా ఆఫీసు పిల్లలు నమ్మరు. నా పొట్ట చూసి అసలే నమ్మరు. అందుకే చెప్పుడు బంద్ చేసిన.

నేను ఆట నేర్చుకున్నది రైలు పట్టాల పక్క గ్రౌండుల. బాల్ పైకి లేసి గోడ దాటిందంటె పట్టాల మీద పడ్తది, ఇగ అది పోయినట్టే. అందుకని మా బస్తీ పోరగాండ్లందరం నేల మీదనే కొడ్తం. నా షాటు కూడ అట్లనే, గడ్డిని రాసుకుంట పోతది. పెద్దపెద్ద గోల్‌కీపర్లు కిందికి వంగేలోపల లోపటికి పోతుండె. కలకత్తాల ఒక క్లబ్బు వాళ్లు అది చూసే తీస్కపోయిండ్రు. తీస్కపోయి బెంచి మీద కూసోబెట్టిండ్రు, అది వేరే ముచ్చట. అక్కడికెల్లి ఢాకా పోయిన. వానకాలం బురదల ఆడుడు. బెంగాలీల నోట్ల యాదగిరి కాస్త జాదుగిరి అయింది. జాదు అంటె మాయ. మొదటి గోల్ కొట్టినప్పుడు స్టాండు మొత్తం జాదు, జాదు అని లేసింది. గోల్ రాని దినం కూడ జాదు అనే అన్నరు, కాని అప్పుడు గొంతు వేరే ఉండె.

ఢాకా కెల్లి మాలె. మాలెనే నా గుండెల పడ్డది.

మాలె అంటె మాల్దీవుల రాజధాని, సముద్రం నడుమ చిన్న ఊరు. ఒక పక్కకెల్లి నడుసుడు షురూ చేస్తె జర సేపట్ల ఇంకో పక్క నీళ్లు కనపడ్తయి. మా క్లబ్బు గ్రౌండు ఇండ్ల నడుమ ఉండేది. టికెట్టు దొరకనోళ్లు చుట్టుపక్కల బాల్కనీలల్ల నిలబడి చూసెటోళ్లు. ఆరేసిన బట్టల నడుమకెల్లి మొఖాలు కనపడేవి. ఉప్పు గాలి, చేపల కూర వాసన. ఇగ డోళ్లు. ఒడిల పెట్టుకొని అరచేతులతోని కొడ్తరు. నా కాలికి బాల్ తగిలిందంటె చాలు, రెండు దెబ్బలు. గి, రి. మల్ల రెండు దెబ్బలు. గి, రి. యాదగిరి అని పలుకుడు వాళ్లతోని కాలే, గిరి అన్నరు. వాళ్ల భాషల గిరి అంటె నీళ్ల కింద కనపడకుండ ఉండే పగడాల దిబ్బ అంట. పడవలు వచ్చి తాకుతయంట. మన దగ్గర గిరి అంటె గుట్ట. ఏదైతేంది, రాయి రాయే అనుకున్న, ఆ పేరుతోనే ఆడిన.

మా కెప్టెన్ పేరు ఇబ్రాహీం. అందరు ఇబ్బె అంటరు. మేమిద్దరం సగం ఇంగ్లీషు, సగం సినిమాల హిందీ మాట్లాడుకునేది. వాడు నడుమల నిలబడి బాల్ ఇస్తుండె, నేను ముందుకు ఉరుకుతుండె. వాడు తల లేపకముందే నేను ఎక్కడ ఉంటనో వానికి తెల్సేది.

నేను అక్కడ ఉన్నప్పుడే మా నాయిన పోయిండు. పొద్దుగాల ఫోనొచ్చింది. ఆ దినం విమానం దొరకలే. మా చిన్నాయిన కొడుకు తలకొరివి పెట్టిండు. నేను రూముల గోడ దిక్కు చూస్కుంట కూసున్న. ఇబ్బె వచ్చిండు. ఫికర్ చెయ్యకు అనలే, ఆడు అనలే, ఆడకు అనలే. పక్కన కూసున్నడు, అంతే. పొద్దుమీకి మ్యాచ్ ఉండె. రూముల ఉంటె పిచ్చి లేస్తదనిపించి, ఆడ్త అని నేనే చెప్పిన.

గ్రౌండులకు వచ్చిన. ఎవలు చెప్పిండ్రో, అందరికి తెల్సిపోయింది. ఎప్పుడు చూసినా జాతర లెక్క ఉండే గ్రౌండు, ఆ దినం ఒక్క సప్పుడు లేదు. బాల్కనీలల్ల ముసలోళ్లు కూడ లేసి నిలబడ్డరు. ఆట ఆఖరికి వచ్చినంక ఇబ్బె బాల్ ఇచ్చిండు, నేను ఎప్పటి లెక్కనే నేల మీద కొట్టిన. గోల్ అయింది. అయినా డోళ్లు మోగలే. మా పోరగాండ్లు వచ్చి నా చుట్టు గుండ్రంగ నిలబడ్డరు, నేను ఏడుసుడు ఎవలకు కనపడకుండ. ఆ తర్వాత మస్తు దినాలు ఆ బాల్కనీల ఆడోళ్లు నా రూముకు అన్నం పంపిండ్రు. పేర్లు కూడ తెల్వదు నాకు. గిన్నె మీద గిన్నె వచ్చేది.

సీజన్ అయిపోయింది. ఒమన్ కెల్లి ఒక క్లబ్బు పిలిచింది. ఒక్క సీజన్ ఆడి మల్ల మాలె వస్త అనుకున్న. అందుకే పోయొస్త అని కూడ ఎవలకు సరిగ్గ చెప్పలే. నా ప్రెషర్ కుక్కర్ కూడ ఇబ్బె ఇంట్లనే పెట్టి పోయిన. ఒమన్ ఎండల ఉరుకుతుంటె బూటు లోపట కాలు ఉడికేది, గోల్స్ రాలే. మాలె వాళ్లు ఇంకో స్ట్రైకర్ను తెచ్చుకున్నరు. నేను ఖాట్మండు పోయిన. అక్కడ గుట్టల నడుమ ఊపిరి అందక తిప్పలపడి, తిప్పలపడి, చివరికి మోకాలు పోయింది. దవాఖాన, కట్టు, ఇంటికి రైలు. అయిపోయింది. మాలెకు మల్ల పోనే లేదు.

ఇగ అసలు కతకు వస్త.

పోయిన నెల ఇబ్బె ఫోన్ చేసిండు. ఆ గ్రౌండు తీసేస్తున్నరంట. క్లబ్బు పక్క దీవికి పోతదంట, అక్కడ కొత్త స్టేడియం. పాత గ్రౌండుల ఆఖరి మ్యాచ్ పెట్టిండ్రు. పాత ఆటగాళ్లందరిని పిలుస్తున్నరు, రాలేనోళ్లు హాఫ్‌టైంల వీడియో కాల్‌ల పెద్ద తెర మీద కనపడి రెండు మాటలు చెప్పాలె. నీ పేరు నేనే ఇచ్చిన, జనం అడుగుతున్నరు అన్నడు. జనం అడుగుతున్నరు అంటె నేను నమ్మలే. కాని ఆ రాత్రి నిద్ర పట్టలే.

అప్పటికెల్లి నేను మనిషిని కాదు. హఫీజ్‌పేట్ స్టేషన్‌ల నిలబడి, రైలు వచ్చేదాక పెదాలు కదుపుకుంట స్పీచు చదువుకునేది. పక్కన నిలబడ్డోళ్లు జర దూరం జరిగెటోళ్లు. మా లలిత, అంటె నా భార్య, పెట్టె అడుగుకెల్లి జెర్సీ తీసింది. ఎర్ర జెర్సీ, వెనక గిరి, కింద తొమ్మిది. తొడుక్కుంటె తలకాయ పోయింది, చేతులు పోయినయి, పొట్ట కాడ ఆగింది. లలిత ఇంట్లనే జాకిట్లు కుడ్తది. రెండు పక్కల కుట్లు ఇప్పి, జాకిటు లైనింగు ఎర్రబట్ట ముక్క పెట్టి వెడల్పు చేసింది. ముందలకెల్లి చూస్తె తెల్వది, కాని చెయ్యి లేపకు అని మరీ మరీ చెప్పింది. మోకాలు పోయినంక నన్ను చేసుకున్న మనిషి ఆమె. నేను ఆడుడు ఒక్కనాడు కూడ చూడలే. ఆమెకు నేను మొదటికెల్లి క్యాబుల మనిషినే.

అదే దినం, అదే టైముకు ఆఫీసుల అమెరికా వాళ్లతోని రివ్యూ మీటింగ్ పడ్డది. మా అడ్మిన్ హెడ్ సుధారాణి మేడమ్‌ది కాకినాడ. మనిషి మంచిదే, కాని పని దగ్గర చూపు కత్తి లెక్క ఉంటది. క్యాబులు లేటయితున్నయని అమెరికా వాళ్లు గుర్రుగ ఉన్నరు, అవసరమైతె మీరు కూడ మాట్లాడాలె అని మేడమ్ నాకు కూడ లింక్ పంపిండ్రు. నేను పోయి, మేడమ్ నాకు ఇంటి పని ఉన్నది, ఒక్క అరగంట అని బతిలాడిన. ఏం పని అని అడగలే. సరేనండి, నేను చూసుకుంటానులెండి అన్నరు.

మా ఇంట్ల నెట్టు గాలి గట్టిగ వీస్తె పోతది. అందుకని ఆఫీసుల్నే చేద్దామనుకున్న. మా మీటింగ్ రూములకు నదుల పేర్లు పెట్టిండ్రు. మేడమ్ గోదావరిల కూసున్నరు, అది పెద్దది. నేను చివరికి ఉన్న మంజీర తీస్కున్న, నలుగురు పడ్తరు. తలుపు ఏస్కున్న, అంగీ ఇప్పి జెర్సీ తొడుక్కున్న. వెనక గోడంత అద్దాలే. కెమెరా దిక్కు తిరిగి కూసున్న కాబట్టి బయటకెల్లి పోయేటోళ్లకు నా వీపు కనపడ్తది. గిరి, తొమ్మిది. ఎవలన్న అడిగితె ఏదో ఒకటి చెప్దామనుకున్న.

ఇబ్బె ముందే అన్ని సమజాయించిండు. నువ్వు కాల్‌లకు వచ్చినప్పుడు మేం కనపడం, నల్లటి డబ్బాలే ఉంటయి, పరేషాన్ కాకు. మా దిక్కు మ్యూట్‌ల ఉంటది, లేకపోతె స్టేడియం సప్పుడు మల్ల మల్ల తిరిగి వస్తది. ఒక అమ్మాయి ఇంగ్లీషుల నీ వంతు వచ్చిందని చెప్తది. చెప్పంగనే మాట్లాడుడు షురూ చెయ్యి, ఆగకు, మధ్యల ఏం అడగకు. అయిపోయినంక చప్పట్లు వినిపిస్తం.

రెండు లింకులు నా మెయిల్‌లనే ఉండె. రెండు పొడుగ్గ, అక్షరాలు అంకెలు కలిసి, అక్కచెల్లెండ్ల లెక్క ఒక్కతీరుగ ఉంటయి. టైమైపోతున్నదని సరిగ్గ చూడకుండనే ఒకటి నొక్కిన. తెర్సుకున్నది. నల్లటి డబ్బాలు, డబ్బాలల్ల పేర్లు. ఇబ్బె చెప్పినట్టే ఉన్నది. పేర్లు అన్ని తెల్లోళ్లవి ఉన్నయి ఏంది అని ఒక్క క్షణం అనుకున్న. దునియా మీద ఎక్కడెక్కడి ఆటగాళ్లో ఆడిండ్రు కదా ఆ క్లబ్బుకు, వాళ్లంత జమైండ్రు అనుకున్న. నా మనసే అన్నిటికి జవాబు చెప్పుకుంటున్నది.

అంతల ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. మర్యాదైన ఇంగ్లీషు. హైదరాబాద్, ఇప్పుడు మీ వంతు, మాట్లాడండి అన్నది.

తర్వాత తెల్సింది, గోదావరిల మేడమ్ మైకు పని చేస్తలేదంట. ఆమె వైర్లు పీకుకుంట పెట్టుకుంట ఉన్నరు. అమెరికా వాళ్లకు వినపడ్డ హైదరాబాద్ నేను ఒక్కన్నే.

నేను లేసి నిలబడ్డ. కూసొని చెప్పే మాటలు కావు అవి. అస్సలాము అలైకుం, హాలు కిహినే అన్న. అంటె ఎట్లున్నరు అని. ఇగ ఆగలే. ఇంగ్లీషు, హిందీ, వాళ్ల భాష, అన్ని కలిసి వచ్చినయి. నేను గిరిని, తొమ్మిది నంబరును, ముసలోణ్ణి అయిన, లావైన, మీరు గుర్తుపట్టకపోతె నా తప్పే అన్న. మీ ఊళ్ల మొదటిసారి దిగినప్పుడు నాకు సముద్రమంటె భయముండె అని చెప్పిన. తర్వాత నేను చాన గ్రౌండులు చూసిన, ఒమన్‌ల చూసిన, ఖాట్మండుల చూసిన, మీ గ్రౌండు అసొంటిది లేదు అన్న. నేను పోయినప్పుడు మీకు చెప్పలే, మల్ల వస్త అనుకున్న అన్న.

అప్పుడు నాయిన ముచ్చట వచ్చింది. స్టేషన్‌ల చదువుకున్న స్పీచుల అది లేదు. దానంతట అదే నోట్లకు వచ్చింది. ఆ దినం ఎట్లుండెనో చెప్పిన. బాల్కనీల ఆడోళ్లు పంపిన గిన్నెల గురించి చెప్పిన, ఆ గిన్నెలు మల్ల ఎవలివి ఎవలకు చేరినయో నాకు తెల్వదు అన్న.

"ఆ దినం మీరు డోళ్లు కొట్టలే," అన్న. "నేను ఇన్నేండ్లు అదే వింటున్న."

కండ్లు మసకైనయి. షుకురియ్యా అన్న. వాళ్ల భాషల కూడ థాంక్యూకు గదే మాట, మన బస్తీల అన్నట్టే ఉంటది. గోల్ కొట్టినంక నేను ఎప్పుడు మూలకు ఉరికి, చెవి వెనక చెయ్యి పెట్టి, ఇంకా గట్టిగ అని జనాన్ని అడిగెటోణ్ణి. మాలెల చిన్నపిల్లలకు కూడ తెల్సు అది. లలిత మాట మర్చిపోయి, చెయ్యి లేపి చెవి కాడ పెట్టిన. చంకల కాడికెల్లి నడుం దాక కుట్టు పర్రున పోయింది. పోతె పోనీ అని అట్లనే నిలబడ్డ, చప్పట్ల కోసం.

ఏం రాలే.

మ్యూట్ తీస్తున్నరు కావచ్చు అనుకున్న. చెయ్యి దించలే. తెర మీద ఒక మూలకెల్లి పసుపుపచ్చ చప్పట్ల బొమ్మ ఒకటి లేసి, పైకి తేలుకుంట పోయి మాయమైంది. దాని ఎనక ఇంకోటి. స్టేడియంల గంత మంది ఉండంగ ఇద్దరే కొట్టిండ్రా అని నాకు జర బాధైంది కూడ.

అప్పుడు ఒక గొంతు తెలుగుల, చాన మెల్లగ వచ్చింది. "యాదగిరి గారూ, నేనండి, సుధారాణిని. మీరు మన రివ్యూ కాల్‌లో ఉన్నారండి."

చెయ్యి ఇంకా చెవి కాడనే ఉన్నది. తెర మీద పేర్లు ఒక్కొక్కటి సరిగ్గ చదివిన. అమెరికా ఆఫీసు, ఫైనాన్సు, సేఫ్టీ, ఇంకేందో. మొదటల మాట్లాడిన ఆ ఆడమనిషి గొంతు సవరించుకున్నది. మీరు చెప్పింది మనసుకు తాకింది, థాంక్యూ, కాని నాకు ఒకటి అర్థం కాలే, క్యాబులు లేటయితున్న దానికి కారణం ఇదేనా అని అడిగింది. ఎటకారం కాదు. నిజంగనే అడిగింది. పాపం, నా ఇంగ్లీషుల క్యాబ్ ఎక్కడ ఉన్నదో ఎతుక్కుంటున్నట్టున్నది.

అంతల ఏ దేశమో తెల్వదు, ఒక మొగాయన మ్యూట్ తీసిండు. మీ నాయిన పోయిన దినం మ్యాచ్, గెలిచిండ్రా అన్నడు.

"డ్రా," అన్న. "ఒకటి, ఒకటి."

అయ్యో అన్నడు ఆయన. మేడమ్ మైకు అప్పటికి మంచిగ పని చేస్తున్నది, తర్వాత స్లైడ్‌కు పోదామండి అని అందుకున్నరు. నేను ఎట్ల బయటపడ్డనో, ఏ బటన్ నొక్కిననో నాకు యాది లేదు.

ఉరుకుల పరుగుల మీద రెండో లింక్ నొక్కిన. తెర మీద ఒక గుండ్రటి గీత తిరిగింది, తిరిగింది. కార్యక్రమం ముగిసింది అని వచ్చింది. మల్ల నొక్కిన, మల్ల అదే. ఇబ్బెకు ఫోన్ కొట్టిన, ఎత్తలే. ఎత్తడు, రెండో సగం షురూ అయి ఉంటది. అద్దాల అవతల మా డెస్కు పిల్లలు నిలబడి చూస్తున్నరు. వాళ్లకు నా వీపు, చినిగిన కుట్టులకెల్లి నా బనీను కనపడ్తున్నయి. నేను ఆ కుర్చీల అట్లనే కూసున్న. నాయిన పోయిన దినం కూసున్నట్టు గోడ దిక్కు చూస్కుంట కూసున్న. ఈసారి పక్కన ఇబ్బె లేడు.

నేను బాధపడ్డది నౌకరీ గురించి కాదు, నిజం చెప్తున్న. ఆ గ్రౌండు మీద ఇగ ఎవలు ఆడరు. రేపు గోడలు కూలగొడ్తరు, బాల్కనీలోళ్లు చూసెటందుకు ఏం ఉండది. ఆ హాఫ్‌టైంల రెండు నిమిషాలు నా కోసం తెరిచి పెట్టిండ్రు. నేను పోయి అమెరికా వాళ్ల ఇంటి తలుపు కొట్టిన.

జర సేపైనంక తలుపు తెర్సుకున్నది. సుధారాణి మేడమ్. తిడ్తరనుకొని లేసి నిలబడ్డ, చినిగిన పక్కను చేతితోని మూసుకొని. ఆమె లోపటికి వచ్చి, ఎదురు కుర్చీ లాక్కొని కూసున్నరు. మీటింగ్ ఎట్లయిందో చెప్పలే. చాన సేపు ఆ జెర్సీ దిక్కు చూసిండ్రు.

"ఇన్నేళ్లుగా మీరు నాకు క్యాబ్ నంబర్లు తప్ప ఇంకో మాట చెప్పలేదండి," అన్నరు.

చెప్తె నమ్మరని చెప్పలే అన్న. ఆమె తల ఊపి, వాళ్ల నాన్నగారు పోయినప్పుడు తను ఆఫీసులనే ఉన్నానని, సాయంత్రం దాక ఎవలకు చెప్పకుండ పని చేసుకున్నానని చెప్పిండ్రు. పోతూపోతూ, అమెరికా ఆమె క్యాబుల సంగతి మల్ల అడగలేదండి, దానికి మాత్రం మీకు థాంక్స్ అన్నరు.

హైటెక్ సిటీ స్టేషన్‌ల రైలు కోసం నిలబడ్డ. జెర్సీ సంచిల ఉన్నది. లింగంపల్లి బండి లేటన్నరు. అప్పుడు ఇబ్బె కెల్లి ఒక వీడియో వచ్చింది. మాట లేదు, ఒట్టి వీడియో. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న.

అదే గ్రౌండు. నా యాదిల ఉన్నదానికంటె చిన్నగున్నది. బాల్కనీల నిండ జనం, బట్టలు ఆరేసే ఉన్నయి. నడుమల పెద్ద తెర. తెర మీద బూడిద రంగు గుండ్రం, దాని కింద నా పేరు, చేరడానికి ఎదురుచూస్తున్నం అని ఇంగ్లీషుల. మైకుల ఒకాయన నా పేరు పిలిచిండు. ఏం లేదు. మల్ల పిలిచిండు. బూడిద గుండ్రం అట్లనే ఉన్నది. ఇగ తీసేస్తరు, తర్వాతోన్ని పిలుస్తరు అనుకున్న.

డోలు మీద ఒక్క దెబ్బ పడ్డది. ఎవలో ముసలోడు కొట్టిండు, కెమెరా ఆ దిక్కు తిరగలే. ఇంకో దెబ్బ. దాని ఎనక అన్ని డోళ్లు. గి, రి. గి, రి. ఎవ్వలు లేని తెర దిక్కు చూస్కుంట గ్రౌండు మొత్తం పిలుస్తున్నది. పిల్లలు చెవి ఎనక చేతులు పెట్టుకున్నరు. నేను ఆడినప్పుడు వాళ్లు పుట్టనే లేదు. ఎవలు నేర్పిండ్రో. ఇబ్బె వీడియో తీస్తున్నట్టున్నడు, వాని గొంతు కూడ దగ్గరికెల్లి వినపడ్తున్నది, బొంగురుపోయిన గొంతు, అందరితోని కలిసి పిలుస్తున్నడు. రెండో సగానికి టీములు వచ్చేదాక అట్లనే పిలిచిండ్రు.

రైలు వచ్చింది, పోయింది. నేను ఎక్కలే.

ఇబ్బెకు ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పిన. వాడు విని విని ముందు నవ్విండు, తర్వాత ఇద్దరం నవ్వినం. ఇప్పుడు చెప్పు ఆ మాటలు, నేను వాళ్లకు చెప్త అన్నడు. చెప్దామని చూసిన. ఒక్కటి రాలే. అన్ని అమెరికాల అయిపోయినయి. జనం పోయిండ్రా అని అడిగిన. పోయిండ్రు, గోల్‌పోస్టులు ఇప్పుతున్నరు అన్నడు. ఫోన్ పట్టుకొని ఇద్దరం ఆ ఇనుప సప్పుడు జర సేపు విన్నం.

ఇంటికి పోయేసరికి లలిత మిషను కాడనే ఉన్నది. ఎట్లయింది అని అడగకముందే సంచిల కెల్లి జెర్సీ తీసి చూసింది, చినిగిన కాడ వేలు పెట్టింది. చెయ్యి లేపినవా అన్నది. లేపిన అన్న. కూసోబెట్టి అంత చెప్పిన. క్యాబులు లేటయ్యేది ఇందుకేనా అని ఆ అమెరికా ఆమె అడిగిన కాడికి వచ్చేసరికి లలిత నవ్వి నవ్వి మిషను మీద తల ఆనిచ్చింది. తర్వాత వీడియో పెట్టిన. నవ్వు ఆగింది. ఫోను దగ్గరికి పెట్టుకొని, ఆఖరి దాక చూసింది. మల్ల మొదటికెల్లి పెట్టుకున్నది.

"ఇంత మంది పిలుస్తుంటె ఏడికి పోయినవయ్యా," అన్నది, ఫోను మీదికెల్లి కండ్లు తియ్యకుండనే.

గోల్ కొట్టెటోడు సరైన టైముకు సరైన చోట ఉండాలె అని కలకత్తాల మా కోచ్ రోజు మొత్తుకునెటోడు. సారు, నేను టైముకు సరిగ్గనే ఉన్న. ఉన్నది మంజీరల.